పర్యావరణ శాస్త్రం: కోర్సు ఎంపిక నుంచి తొలి ఉద్యోగం వరకు ఎలా వెళ్లాలి

డిగ్రీ ఫలితాలు వెలువడే రోజుల్లో నాకు ఒకే ప్రశ్న పదేపదే ఎదురవుతుంది: ‘‘ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో సీటు వచ్చిందండీ, చేరమంటారా?’’ అడిగేవారిలో చాలామంది అప్పటికే ఫీజు కట్టేసి ఉంటారు. చేరాలో వద్దో ఒక్క మాటలో చెప్పలేను గానీ, ఆ నిర్ణయానికి ముందు ఏం చూసుకోవాలో, చేరాక ఆ రెండేళ్లను ఎలా వాడుకోవాలో వరుసగా చెప్పగలను. నీటి, గాలి పరీక్షల ప్రయోగశాలల్లోనూ, పర్యావరణ ప్రభావ మదింపు (ఈఐఏ) నివేదికల పనిలోనూ పదిహేనేళ్లకు పైగా గడిపాను. ఈ రంగంలో ప్రభుత్వ కొలువుకు నోటిఫికేషన్‌లోని అర్హత వాక్యం, ప్రైవేటు కొలువుకు మీ చేతికి వచ్చిన పని ముఖ్యం. పట్టా మీద ఉన్న పేరు ఆ తరువాతి సంగతి.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

మీ ఇంటర్, డిగ్రీ మార్కుల జాబితాలు తీసి పెట్టుకోండి. అందులో మార్కుల కన్నా సబ్జెక్టుల పేర్లు ఏ అక్షరాలతో అచ్చయ్యాయో చూడాలి. గత నాలుగైదేళ్లలో వెలువడిన ఉద్యోగ నోటిఫికేషన్ల ప్రతులు, పటాలు గీసే క్యూజీఐఎస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ నడిచే కంప్యూటర్, గట్టి అట్ట ఉన్న ఒక నోటుపుస్తకం కావాలి. వీటితోపాటు ఇంట్లో ఒక ఒప్పందం కూడా అవసరం. తొలి ఏడాదిలో మీ పని చాలావరకు ఎండలో, చెరువు గట్ల మీద, కర్మాగారాల పొగగొట్టాల పక్కన ఉంటుందని, తెల్లకోటు వేసుకుని ఏసీ గదిలో కూర్చునే ఉద్యోగం కాదని తల్లిదండ్రులకు ముందే చెప్పండి. ఆ మాట ముందే జరగని ఇళ్లలో పిల్లలు మూడో నెలలోనే ఉద్యోగం మానేయడం చూశాను.

1. నోటిఫికేషన్‌ను కోర్సులో చేరే ముందే చదవండి

చాలామంది చదువు పూర్తయ్యాక నోటిఫికేషన్ తెరుస్తారు. మీరు ఆ వరుసను తలకిందులు చేయాలి. మీకు నచ్చిన మూడు ఉద్యోగాలను ఎంచుకుని, ఒక్కోదాని అర్హత వాక్యాన్ని నోటుపుస్తకంలో యథాతథంగా ఎక్కించి, మీరు చేరబోయే కోర్సు పేరు అందులో ఉందో లేదో వేలు పెట్టి వెతకండి.

ఇలా వెతికితే రెండు విషయాలు చాలామందిని ఆశ్చర్యపరుస్తాయి. మొదటిది, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండళ్లలోని అసిస్టెంట్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీర్ పోస్టు. పేరులో ‘ఎన్విరాన్‌మెంటల్’ ఉన్నప్పటికీ అది ఇంజినీరింగ్ పట్టభద్రులకు ఉద్దేశించినది కాబట్టి, సైన్సు డిగ్రీ మీద ఎమ్మెస్సీ చేసినవారు దానికి అర్హులు కారు. సైన్సువారికి ఆ మండళ్లలో దగ్గరగా ఉండేది అనలిస్టు పోస్టు. దానికి ఏయే సబ్జెక్టులు చెల్లుతాయో ఆ ప్రకటనలోనే చూసుకోవాలి.

రెండోది, యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్. దీనికి డిగ్రీలో పశుసంవర్ధక-పశువైద్య శాస్త్రం, వృక్షశాస్త్రం, రసాయన శాస్త్రం, భూగర్భ శాస్త్రం, గణితం, భౌతిక శాస్త్రం, గణాంక శాస్త్రం, జంతుశాస్త్రాల్లో కనీసం ఒకటి చదివి ఉండాలి, లేదా వ్యవసాయం, అటవీ శాస్త్రం, ఇంజినీరింగ్‌లలో పట్టా ఉండాలి. ఆ జాబితాలో పర్యావరణ శాస్త్రం లేదు. కాబట్టి డిగ్రీలో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ తీసుకునేవారు దాని పక్కన రసాయన శాస్త్రమో వృక్షశాస్త్రమో తప్పక ఉండేలా చూసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి డిగ్రీలో ఒకే మేజర్ సబ్జెక్టు పద్ధతి వచ్చింది కనుక అక్కడివారు ఈ విషయంలో మరింత జాగ్రత్త పడాలి. మేజర్‌గా రసాయన శాస్త్రం తీసుకుని పర్యావరణాన్ని పీజీలో చదవడం నా దృష్టిలో క్షేమకరమైన దారి.

2. నాలుగు దారుల్లో ఒకటి ఎంచుకోండి

‘పర్యావరణం’ అనే పేరుతో ఉద్యోగం ఉండదు. ఆచరణలో కనిపించేవి ఇవి: నీరు, గాలి, నేల నమూనాలను పరీక్షించే ప్రయోగశాల పని, ప్రాజెక్టులకు అనుమతుల కోసం ప్రభావ మదింపు నివేదికలు తయారు చేసే కన్సల్టెన్సీ పని, కర్మాగారం లోపల వ్యర్థజలాల శుద్ధి, భద్రత చూసే ఈహెచ్ఎస్ (పర్యావరణం, ఆరోగ్యం, భద్రత) పని, నాలుగోది పరిశోధన-బోధన.

వీటిలో కర్మాగారం పనిని మన పిల్లలు చిన్నచూపు చూస్తారు గానీ, పాశమైలారం, జీడిమెట్ల, పరవాడ, పైడిభీమవరం వంటి ఔషధ పరిశ్రమల ప్రాంతాల్లో అవకాశాలు ఎక్కువగా ఉండేది దానిలోనే. అక్కడ మీకు ఈటీపీ (వ్యర్థజలాల శుద్ధి కేంద్రం), ఆర్‌ఓ (పొర గుండా నీటిని వడకట్టే యంత్రం), బహుళ దశల ఆవిరి యంత్రం, అంటే అందరూ ఎంఈఈ అని పిలిచేది, ఒకదాని తరువాత ఒకటి ఎలా పనిచేస్తాయో తెలియాలి. దానితోపాటు మండలికి, మంత్రిత్వ శాఖకు పంపవలసిన పత్రాల క్యాలెండర్ కూడా తెలియాలి. ప్రమాదకర వ్యర్థాల వార్షిక నివేదికకు జూన్ 30, ఫారం-5గా పిలిచే పర్యావరణ ప్రకటనకు సెప్టెంబర్ 30, పర్యావరణ అనుమతి షరతుల అమలుపై ఆరునెలల నివేదికలకు జూన్ 1, డిసెంబర్ 1 గడువులు. ఇంటర్వ్యూలో ఈ తేదీలను తడబడకుండా చెప్పిన అభ్యర్థిని ప్లాంటువాళ్లు వెంటనే గుర్తు పెట్టుకుంటారు.

3. కోర్సు, ప్రవేశ పరీక్ష

తెలంగాణ విశ్వవిద్యాలయాల పీజీ సీట్లకు సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌కు ఏపీ పీజీసెట్, ఢిల్లీ జేఎన్‌యూ, పుదుచ్చేరి వంటి కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ-పీజీ రాయాలి. ఇంజినీరింగ్ వైపు ఎంటెక్ కోరుకునేవారికి గేట్‌లో 2021 నుంచి ‘ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్’ ప్రత్యేక పేపరుగా ఉంది. కొన్ని సంస్థలు ఎమ్మెస్సీ చేసినవారిని కూడా ఎంటెక్‌కు తీసుకుంటాయి కనుక ప్రాస్పెక్టస్‌లో ఆ గడి చూడండి.

కళాశాలకు వెళ్లినప్పుడు భవనం చూడవద్దు. ప్రయోగశాలలోకి వెళ్లి మూడు వస్తువులు అడగండి: 27 డిగ్రీల వద్ద నడిచే బీఓడీ (సూక్ష్మజీవులకు కావలసిన ఆక్సిజన్) ఇంక్యుబేటర్, ఫ్లేమ్ ఫొటోమీటర్, స్పెక్ట్రోఫొటోమీటర్. అవి ఉన్నాయా అన్నది సగం ప్రశ్నే. విద్యార్థులు వాటిని ఆఖరిసారి ఎప్పుడు వాడారో అక్కడి రిజిస్టర్‌లో చూడండి. రిజిస్టర్ లేదంటే యంత్రం అలంకారానికి ఉన్నట్టే.

హెచ్చరిక: ‘‘మా సర్టిఫికెట్‌తో మీరు ఈఐఏ నిపుణులవుతారు’’ అని చెప్పే పదిహేను రోజుల ఆన్‌లైన్ కోర్సులకు డబ్బు కట్టవద్దు. ఈఐఏ నివేదికలు తయారు చేసే సంస్థలకు గుర్తింపు ఇచ్చేది క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కింది నాబెట్. ఆ గుర్తింపులో భాగంగానే, చదువు, అనుభవం చూసి, వ్యక్తులను గాలి, నీరు, శబ్దం, జీవవైవిధ్యం, సామాజిక-ఆర్థికం వంటి ఒక్కో విభాగానికి నిపుణులుగా అంగీకరిస్తారు. కొత్తవారు అలాంటి సంస్థలో చేరి, నిపుణుల చేతి కింద అసోసియేట్‌గా మొదలుపెట్టాలి.

4. మీ ఊరి నీటితో ఒక ప్రాజెక్టు చేయండి

ఈ మెట్టు మీద ఎక్కువ సమయం గడపండి. ఉద్యోగానికి వచ్చినవారిని నేను అడిగే మొదటి ప్రశ్న ‘‘మీ చేత్తో తీసిన నమూనా గురించి చెప్పండి’’ అన్నదే. ఎక్కడినుంచో తెచ్చిన ఉపగ్రహ చిత్రాల ప్రాజెక్టు కన్నా, మీ మండలంలోని పది బోర్ల నీటిని స్వయంగా పరీక్షించిన ప్రాజెక్టుకు విలువ ఎక్కువ. పైగా ఫ్లోరైడ్ సమస్య మన నేలకు కొత్తది కాదు. దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి 1937లో గుర్తించినది అప్పటి నెల్లూరు ప్రాంతంలోనే. నీటి నుంచి ఫ్లోరైడ్‌ను పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో తొలగించేందుకు నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు.

నమూనా తీసేటప్పుడు ఈ క్రమం తప్పకండి. బోరు మోటారును ముందు ఐదు నుంచి పది నిమిషాలు నడిపి, గొట్టంలో నిలిచిన నీటిని పోనివ్వండి. సీసాను అదే నీటితో మూడుసార్లు కడగండి. ఉష్ణోగ్రత, పీహెచ్, విద్యుద్వాహకతలను అక్కడికక్కడే కొలవండి. లోహాల పరీక్షకు వేరే సీసాలో నమూనా పట్టి, పీహెచ్ 2 కన్నా తగ్గేదాకా నత్రికామ్లం కలపండి. ఫ్లోరైడ్ నమూనాను గాజు సీసాలో పట్టవద్దు, ప్లాస్టిక్ సీసా వాడండి. నూనె, గ్రీజు పరీక్షకు మాత్రం గాజు సీసానే కావాలి. చెరువు నీటిలో కరిగిన ఆక్సిజన్ చూడాలంటే 300 మిల్లీలీటర్ల బీఓడీ సీసాను గాలిబుడగ లేకుండా నింపి, మాంగనస్ సల్ఫేట్, ఆల్కలీ-అయొడైడ్-అజైడ్ ద్రావణాలను గట్టు మీదే కలిపి ఆక్సిజన్‌ను స్థిరపరచాలి. బీఓడీ నమూనాను మంచు పెట్టెలో పెట్టి వీలైనంత త్వరగా ప్రయోగశాలకు చేర్చాలి.

లేబుల్ గురించి ఒక మాట చెప్పాలి. నేను పనిలో చేరిన తొలి ఏడాది ఒక పరిశ్రమ వ్యర్థజలాల నమూనాలు తెచ్చి, కాగితపు స్టిక్కర్ల మీద బాల్‌పెన్నుతో పేర్లు రాసి మంచులో పెట్టాను. దారిలో మంచు కరిగి సిరా పోయింది. ఏ సీసా ఏదో నాకు గుర్తుందన్న ధీమాతో మళ్లీ రాశాను. నాలుగు రోజుల తరువాత నా నివేదికలో ఒక నమూనాకు సీఓడీ 180, బీఓడీ 210 అని వచ్చింది. మా సీనియర్ ఆ రెండు అంకెల చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి, ఏమీ మాట్లాడకుండా కాగితం నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. సూక్ష్మజీవులు కుళ్లబెట్టగలిగే పదార్థానికి కావలసిన ఆక్సిజన్ (బీఓడీ), రసాయనికంగా దహించగలిగే మొత్తానికి కావలసిన ఆక్సిజన్‌ను (సీఓడీ) మించడం సాధారణంగా జరగదు. రెండు సీసాలు తారుమారయ్యాయి. అప్పటినుంచి చెరగని మార్కర్‌తో సీసా మీద ఒకసారి, పెన్సిల్‌తో రాసిన చీటీని మెడకు కట్టి మరోసారి, రెండు చోట్లా రాస్తున్నాను. పెన్సిల్ రాతను నీరు చెరపదు.

ప్రత్యామ్నాయం: కళాశాలలో పరికరాలు లేకపోతే కఠినత్వం, క్షారత, క్లోరైడ్‌లను బ్యూరెట్టు, పిపెట్టులతో మీరే టైట్రేషన్ చేసి, ఫ్లోరైడ్, సోడియం, పొటాషియం మాత్రం ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు పంపండి. మొత్తం బయటికి పంపేసి నివేదిక తెప్పించుకుంటే ప్రాజెక్టు పూర్తవుతుంది గానీ మీకు పని రాదు.

5. ఫలితం నిజమా కాదా చూసుకోండి

ఫలితాలు రాగానే ప్రమాణాలతో పోల్చడానికి తొందరపడతారు. ముందు అయాన్ల తూకం చూడాలి. నీటిలో ధన అయాన్ల మొత్తం, రుణ అయాన్ల మొత్తం మిల్లీ ఈక్వివలెంట్లలో దాదాపు సమానంగా ఉండాలి, తేడా 5 శాతం లోపు ఉండాలి.

ఉదాహరణకు ఒక బోరు నీటిలో లీటరుకు మిల్లీగ్రాముల్లో కాల్షియం 80, మెగ్నీషియం 36.5, సోడియం 115, పొటాషియం 3.9 వచ్చాయనుకోండి. వీటిని వాటి తుల్యభారాలతో, అంటే వరుసగా 20, 12.15, 23, 39తో భాగిస్తే 4, 3, 5, 0.1 వస్తాయి, మొత్తం 12.1. అదే నీటిలో బైకార్బొనేట్ 427, క్లోరైడ్ 142, సల్ఫేట్ 48, నైట్రేట్ 31, ఫ్లోరైడ్ 1.9 ఉంటే, వాటిని 61, 35.5, 48, 62, 19తో భాగించగా 7, 4, 1, 0.5, 0.1 వస్తాయి, మొత్తం 12.6. రెండు మొత్తాల తేడా 0.5ను వాటి కూడిక 24.7తో భాగించి నూరుతో హెచ్చిస్తే సుమారు 2 శాతం. ఈ ఫలితాన్ని నమ్మవచ్చు.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. టైట్రేషన్‌లో కాల్షియం కఠినత్వం కాల్షియం కార్బొనేట్ లెక్కలో వస్తుంది. పై నీటికే అది 200. ఆ 200ను కాల్షియం అనుకుని 20తో భాగిస్తే 10 వస్తుంది, ధన అయాన్ల మొత్తం 18.1కి చేరుతుంది, తేడా 18 శాతం దాకా పోతుంది. అలాంటప్పుడు రసాయనాలను అనుమానించే ముందు ఏ లెక్కలో రాశారో చూసుకోండి. కార్బొనేట్ లెక్కలో ఉన్న అంకెను 50తో భాగించాలి.

తూకం సరిపోయాకే ఐఎస్ 10500:2012 తాగునీటి ప్రమాణాలు తెరవండి. లీటరుకు మిల్లీగ్రాముల్లో ఫ్లోరైడ్‌కు కోరదగిన పరిమితి 1, ప్రత్యామ్నాయ వనరు లేనప్పుడు అనుమతించే పరిమితి 1.5. నైట్రేట్‌కు 45 ఒక్కటే, సడలింపు లేదు. కరిగిన లవణాలకు 500, 2000. పై ఉదాహరణలోని నీరు నైట్రేట్‌లో నెగ్గి ఫ్లోరైడ్‌లో ఓడిందని అప్పుడు మాత్రమే రాయాలి. బీఓడీని మన దేశంలో 27 డిగ్రీల వద్ద 3 రోజులకు చూస్తారు, పాత పాఠ్యపుస్తకాల్లో 20 డిగ్రీల వద్ద 5 రోజులు అని ఉంటుంది. ఏది వాడారో నివేదికలో రాయకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

6. ఈఐఏ నివేదికలను తెలుగులోనే చదవడం మొదలుపెట్టండి

2006 సెప్టెంబర్ 14 నాటి ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు ముందు నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో కూడా అందుబాటులో ఉంచాలి. కాబట్టి మీ జిల్లాలోని గని, సిమెంటు కర్మాగారం, ఔషధ పరిశ్రమల సారాంశాలు తెలుగులో దొరుకుతాయి. పూర్తి నివేదికలు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో ఉంటాయి. కొన్ని సారాంశాల తెలుగు చదివితే నవ్వొస్తుంది, అయినా ఓపికగా చదవండి. ఒక సారాంశం ఎంచుకుని, ప్రాజెక్టు చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో గాలి నమూనా కేంద్రాలను ఎక్కడ పెట్టారో, గాలి వీచే దిశలో ఉన్న ఊరిని వదిలేశారా, వానాకాలం కాని సీజన్‌లోనే కొలిచారా అన్నవి పటం మీద గుర్తించండి. సూక్ష్మధూళి పీఎం 10కు 24 గంటల పరిమితి ఘనపు మీటరు గాలికి 100, పీఎం 2.5కు 60 మైక్రోగ్రాములు. పొద్దుగూకులూ లారీలు తిరిగే ఊళ్లో మూడు నెలల పాటు ప్రతి రీడింగూ ఇంచుమించు ఒకటే అంకె దగ్గర కదలకుండా ఉంటే, ఆ పట్టికను ఎలా ప్రశ్నించాలో మీకే తడుతుంది. వీలైతే ఒక ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్లి వెనుక వరుసలో కూర్చోండి. నివేదికలో రాయని సంగతులు రైతులు చెబుతారు.

7. నెట్, సెట్ పరీక్షలు

అధ్యాపక అర్హతకు, పరిశోధన ఫెలోషిప్‌కు జరిగే యూజీసీ-నెట్‌లో ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్ సబ్జెక్టు కోడ్ 89. మొదటి పేపరులో 50, రెండో దానిలో 100 ప్రశ్నలు, మూడు గంటలు, తప్పు సమాధానానికి మార్కులు కోయరు. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే తొలి రెండేళ్లు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుంది. రాష్ట్రస్థాయి అధ్యాపక అర్హతకు జరిగే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సెట్ పరీక్షల్లో కూడా ఈ సబ్జెక్టు ఉంది. అధ్యాపక ఉద్యోగమే ఏకైక లక్ష్యంగా పెట్టుకున్నవారికి ఒక హెచ్చరిక: పర్యావరణ అధ్యయనం డిగ్రీలో అందరికీ తప్పనిసరి అయినా, ఎన్నో కళాశాలల్లో దాన్ని వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం అధ్యాపకులకే అప్పగిస్తారు. పాఠం తప్పనిసరి అయినంత మాత్రాన పోస్టు ఉందనుకోవద్దు.

8. ఇంటర్వ్యూకు, తొలి ఉద్యోగానికి

మీరు సిద్ధమయ్యారో లేదో ఇలా పరీక్షించుకోండి. పుస్తకం చూడకుండా, కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే వింక్లర్ పద్ధతిలో అజైడ్ ఎందుకు కలుపుతారో (నైట్రైట్ అడ్డు తొలగించడానికి), గాలి నమూనా వడపోత కాగితాన్ని తూచే ముందు డెసికేటర్‌లో ఎందుకు పెడతారో (తేమ బరువు ధూళి బరువులో కలవకుండా), మన రాష్ట్రాల్లో సీఎఫ్‌ఈ, సీఎఫ్‌ఓ అనుమతుల తేడా ఏమిటో (ఒకటి స్థాపనకు, మరొకటి నడపడానికి) పరిచయం లేని మనిషికి అర్థమయ్యేలా చెప్పగలగాలి. చెప్పలేని చోటు కనిపిస్తే మళ్లీ ప్రయోగశాలకు వెళ్లండి.

ఆఫర్ వచ్చాక జీతంతోపాటు రెండు సంగతులు అడగండి. ప్రయోగశాలకు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉంటే ఏయే పరీక్షలకు ఉందో ఆ జాబితా చూపమనండి, గుర్తింపు మొత్తం సంస్థకు గంపగుత్తగా ఉండదు. పొగగొట్టం ఎక్కి నమూనా తీసే పని ఉంటే నిచ్చెనకు రక్షణ కమ్మీలు, నిలబడే వేదిక, నడుముకు బెల్టు ఉన్నాయా అని అడగండి. సిగ్గుపడవలసిన ప్రశ్న కాదు.

ఎప్పుడో ఒకరోజు, యంత్రం పాడైనప్పుడో వాన పడినప్పుడో, తీయని నమూనాకు అంకె వేయమని ఎవరో ఒకరు అడుగుతారు. నాకూ ఎదురైంది. గొడవ పడకుండా ‘‘ఆ రోజు నమూనా తీయలేదు’’ అని కారణంతో సహా రాసి ఇవ్వండి, దానిపై తేదీతో సంతకం పెట్టండి. మొదట్లో చెప్పిన గట్టి అట్ట నోటుపుస్తకం ఇందుకే. ఏ రోజు, ఏ ఊళ్లో, ఎన్ని గంటలకు, ఎవరితో కలిసి ఏ నమూనా తీశారో ప్రతి సాయంత్రం అందులో రాసుకోండి. సంస్థ రికార్డులు సంస్థ దగ్గర ఉంటాయి, ఈ పుస్తకం మీ సంచిలో ఉండాలి.